మిలాన్ పొలిమేరలోని ఉక్కు పట్టణము

మహానగరముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా వాని దేవాలయములను, ప్రాసాదములను, నాటకశాలలను వర్ణించి విరమింతురు గాని, ఆ నగరములకు ఇనుమును, యంత్రములును, పనిచేయు చేతులును ఏ దిక్కునుండి వచ్చినవో ఆ దిక్కునకు దృష్టి సారించుట అరుదు. ఇటలీదేశపు ఉత్తరభాగమున లొంబార్దీ మైదానములో వెలసిన మిలాన్ నగరమును గూర్చి మన పాఠకులకు కొంత తెలియును. దాని పాలరాతి మహాదేవాలయమును, లా స్కాలా నాటకశాలను, లెయొనార్దో చిత్రించిన కడపటి విందును ఎరుగని విద్యావంతులు తక్కువ. కాని ఆ నగరమునకు ఈశాన్యముగా, దాని ఇండ్లవరుస ఎక్కడ ముగిసెనో తన ఇండ్లవరుస ఎక్కడ మొదలయ్యెనో బాటసారికి తెలియరానంతగా దానిని ఆనుకొని, మోంజా పోవు రహదారిమీద, పన్నెండు చదరపు కిలోమీటర్లకు మించని నేలయందు నిలిచియున్న సెస్తో సాన్ జొవాన్ని అను పట్టణమును గూర్చి మనవారు చదివియుండరు. నేడు అందు సుమారు ఎనుబదివేలమంది నివసించుచున్నారు. ఇరువదవ శతాబ్దమున ఇటలీ దేశమున ఉక్కును, రైలుయంత్రములను, విద్యుద్యంత్రములను తయారుచేసిన ప్రధాన స్థానములలో అదియొకటి. నియంతృత్వము నడిచిన దినములలో పనిముట్లు దింపి నిలిచిన శ్రామికులకు నిలయమైనదియు అదియే.

శాఖానగరమను మాటకు మన నిఘంటువులలో అర్థము కలదు గాని, దాని స్వభావమును గూర్చి విచారణ తక్కువ. పెద్ద నగరపు ప్రక్కన పెరిగిన పట్టణమునకు తనదైన వ్యక్తిత్వమొకటి ఉండునా? ఉన్నచో అది దేనివలన ఏర్పడును? ఏర్పరచిన కారణము నశించిన పిదప అది నిలుచునా, లేక ప్రక్కనున్న మహానగరమున కలిసి మాసిపోవునా? ఈ మూడు ప్రశ్నలకును సెస్తో చరిత్రయందు సమాధానము దొరకునని నా విశ్వాసము. ఆ విశ్వాసముతోనే ఈ సమీక్షకు పూనుకొనుచున్నాను.

పందొమ్మిదవ శతాబ్దము ముగియువరకు సెస్తో ఒక కర్షక గ్రామము. కంబళిచెట్ల వరుసలు, పట్టుపురుగుల పెంపకము, పట్టుదారము తీయు శాలలు, ద్రాక్షతోటలు, వానినడుమ వేసవిలో మిలాన్ ఎండలను తప్పించుకొనవచ్చు సంపన్నుల ఉద్యానగృహములు, ఇవియే నాటి సెస్తో. ఆ గృహములలో పెలూక్కా అను పేరు గలదానిని ప్రత్యేకముగా చెప్పవలెను. పదునారవ శతాబ్దపు ప్రథమపాదమున ఆ ఇంటి ప్రభువు బెర్నార్దీనో లుయీని అను చిత్రకారుని రప్పించి గోడలనిండ కుడ్యచిత్రములు వ్రాయించెను. ఇంటిలోని ప్రార్థనామందిరమున వ్రాసిన చిత్రములో ముగ్గురు దేవదూతలు మరణించిన కాథరీన్ పుణ్యవతి దేహమును చేతులపై మోయుచు సమాధిమీదికి దించుచున్నారు. బరువు మోయువారి ముఖములందు ఆయాసము లేదు, శోకము సైతము పైకి పొంగదు, వస్త్రముల ముడుతలు మాత్రము మెల్లగా గాలిలో తేలును. పందొమ్మిదవ శతాబ్దపు ఆదిభాగమున ఆ చిత్రములను గోడలనుండి ఊడదీసి మిలాన్‌కు తరలించిరి. నేడవి అధికభాగము బ్రెరా చిత్రశాలయందున్నవి. ఈ పట్టణములో పుట్టిన విలువైన వస్తువు మహానగరమునకు తరలిపోవుట అను ఆచారము ఈ విధముగా యంత్రయుగమునకు ముందే మొదలైనదని చెప్పవచ్చును.

యంత్రయుగము ఇక్కడికే ఏల వచ్చెనను ప్రశ్నకు కారణములు స్పష్టములు. 1840లో మిలాన్ నుండి మోంజా వరకు రైలుమార్గము వేసిరి. ఇటలీ ద్వీపకల్పమున అది రెండవది. 1882లో గొథార్డ్ సొరంగము తెరువబడి, ఆల్ప్స్ పర్వతముల కావల నున్న జర్మన్, స్విస్ విపణులతో ఈ మార్గమునకు నేరుగా సంబంధము కలిగెను. మిలాన్ లోపల నేల కరవై, వెల పెరిగి, నగరద్వారముల వద్ద సరకులపై సుంకము వసూలగుచుండగా, ఆ సుంకపు గీతకు వెలుపల, రైలుపట్టాల ప్రక్కన, చదునైన విశాలక్షేత్రములు చౌకగా దొరకుచుండెను. భూగర్భమున నీరు సమృద్ధి. పర్వతనదులనుండి విద్యుత్తును తీగెలమీద దూరము తెచ్చు విద్య అప్పుడే సిద్ధించెను. ఇన్ని అనుకూలములు ఒక్కచోట కూడుట యాదృచ్ఛికము కాదు. మిలాన్ పెట్టుబడిదారులు లెక్కలు వేసికొనియే వచ్చిరి.

వచ్చినవారిలో మొదట చెప్పదగినవాడు ఎర్నెస్తో బ్రెదా. మిలాన్‌లో పాత యంత్రశాల యొకదానిని 1886లో తీసికొని రైలుయంత్రములు చేయ నారంభించిన ఈ ఇంజనీరు, 1903 ప్రాంతమున సెస్తోలో విశాలమైన కర్మాగారమును నెలకొల్పెను. 1908 నాటికి ఆ సంస్థ తన వేయవ రైలుయంత్రమును పూర్తిచేసెను. 1904లో కంపారీ పానీయముల వారు తమ కర్మశాలను ఇచ్చట కట్టిరి. ఎర్కొలె మారెల్లి విద్యుత్ మోటారులను, పంకాలను చేయు తన సంస్థను ఇచ్చటికి తరలించెను. 1919లో ఆ సంస్థయు ఫియట్ సంస్థయు కలిసి మాగ్నేతి మారెల్లిని స్థాపించిరి. 1906లో జోర్జో ఎన్రీకో ఫాల్క్ స్థాపించిన లొంబార్దీ ఉక్కు సంస్థ, ఊనియోనే, కొంకోర్దియా, విత్తోరియా, వుల్కానో అను నాలుగు కర్మాగారములుగా విస్తరించి, పట్టణపు భూభాగములో ఇంచుమించు ఎనిమిదవ వంతును ఆక్రమించెను. సరిహద్దున కావలనే బికోక్కా ప్రాంతమున పిరెల్లి వారి రబ్బరు కర్మాగారము. 1901లో ఏడువేలకు అటునిటుగా నున్న జనసంఖ్య 1971 నాటికి తొంబదివేలు దాటెను.

ఇక్కడ ఒక విశేషమును గమనింపవలెను. నా దృష్టిలో ఈ పట్టణపు వ్యక్తిత్వమునకు అదియే మూలము. ఇదే లొంబార్దీలో, అద్దా నదీతీరమున, క్రెస్పి కుటుంబము 1878లో ఒక నూలుమిల్లును కట్టి, దాని చుట్టును శ్రామికులకు ఇండ్లను, బడిని, దేవాలయమును, చివరకు శ్మశానమును సైతము తానే నిర్మించి యిచ్చెను. 1995లో ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తింపబడిన ఆ క్రెస్పి ద్’అద్దా చూచుటకు సుందరమైనది. కాని అచ్చట యజమాని యొక్కడే, ఊరంతయు ఆయన దయ. సెస్తోలో యజమానులు పలువురు. ఫాల్క్ వారును శ్రామికులకు ఇండ్ల సముదాయమును, దేవాలయమును కట్టిరి. బ్రెదా వారును కట్టిరి. ఐనను పట్టణమంతయు ఎవ్వరి సొత్తును కాలేదు. ఫాల్క్‌లో కొలువు పోయినవాడు మారెల్లి ద్వారమును తట్టగలడు. బ్రెదాలోని తరిమెన పనివాడును, పిరెల్లిలో రబ్బరు నొక్కువాడును, మాగ్నేతిలో సున్నితమైన తీగెలు చుట్టు స్త్రీయును సాయంకాలము ఒకే వీథిలో, ఒకే సహకారసంఘపు అంగడిలో కలిసికొందురు. దాతృత్వము చేత గాక పరస్పర పరిచయము చేత ఏర్పడిన ఈ ఐకమత్యమే పిదప కాలమున చరిత్రను నడిపించెను.

ఆ పనిచేయు తీరును కొంత దగ్గరగా చూడనిదే ఆ మనుష్యులు మనకు అర్థము కారు. ఫాల్క్ కొలుములలో ముడిఖనిజము కంటె పాత ఇనుపతుక్కునకు ప్రాధాన్యము. విరిగిన పట్టాలు, తుప్పుపట్టిన యంత్రభాగములు, రేకుల ముక్కలు రైలుపెట్టెలలో వచ్చి పడగా, పైన దూలములపై నడచు క్రేను వానిని ఎత్తి కొలిమిలో పోయును. విద్యుత్కొలిమి మూత మూసి, మనిషి ఎత్తును మించిన బొగ్గుకడ్డీలను దించి ప్రవాహమును విడుచునంతనే పిడుగుపడిన శబ్దము. తుక్కు కరగి కుదురుకొను వరకు ఆ శబ్దము ఆగదు. ఉష్ణము పదునారువందల డిగ్రీలకు చేరును. అనుభవజ్ఞుడగు కొలిమికాడు నీలపు అద్దముగుండ లోనికి చూచి, పొడుగు గరిటెతో నమూనా తీసి, పైన తేలు చిట్టెమును పక్కకు పారించి, లోహము పండినదని చెప్పగానే ద్వారమును ఛేదింతురు. తెల్లని ప్రవాహము పెద్ద కుండలోనికి దూకును, అక్కడనుండి అచ్చులలోనికి. ఆ క్షణమున ద్రవములో తేమ తగిలినచో ప్రేలుడు తప్పదు. పగలు, రాత్రి, పండుగ అను భేదము లేక మూడు వంతులుగా ఈ పని నడిచెను. చెవుడు, కాలిన మచ్చలు, దుమ్ముతో నిండిన ఊపిరితిత్తులు ఆ జీవితమున సహజములని తలచిరి. వేడిని ఆపుటకు వాడిన ఆస్బెస్టాస్ నారవలన కలుగు క్యాన్సరు వ్యాధి దశాబ్దముల తరువాత గాని బయటపడదు. కర్మాగారములు మూతపడిన పిమ్మట కూడ బ్రెదా పూర్వశ్రామికులు ఆ వ్యాధితో మరణించుచు, వారి కుటుంబములు న్యాయస్థానముల మెట్లెక్కుచు వచ్చుట ఈ పట్టణ చరిత్రలో ఇంకను ముగియని అధ్యాయము. ఉక్కుయుగమును గూర్చి వ్రాయు కీర్తనలలో ఈ విషయమును విడుచుట అన్యాయము.

1943 మార్చి నెలయందు, ఇటలీ ఇంకను ముస్సోలిని ఏలుబడిలోనే ఉండి, సమ్మె చేయుట శిక్షార్హమైన నేరముగా పరిగణింపబడుచుండగా, తూరిన్ నగరమున ఫియట్ శ్రామికులు పని నిలిపిరి. ఆ నెల కడపటి దినములలో ఆ జ్వాల సెస్తోకు పాకి, ఫాల్క్‌లో, మారెల్లిలో, బ్రెదాలో, పిరెల్లిలో యంత్రములు ఆగెను. ధరల పెరుగుదల, బాంబుదాడులు, ఆకలి పైకి చెప్పిన కారణములు. యుద్ధము చాలునను మాట లోపలిది. ఇరువది సంవత్సరముల నియంతృత్వమున అంతటి సామూహిక ధిక్కారము అంతకు ముందు జరుగలేదు. ఆ వేసవిలోనే ముస్సోలిని పదవీచ్యుతుడయ్యెను. సెప్టెంబరు 8న యుద్ధవిరామము ప్రకటింపబడగానే జర్మన్ సేనలు ఉత్తర ఇటలీని ఆక్రమించెను. ఆ ఆక్రమణకాలమున, ఆయుధధారులు కర్మాగార ద్వారములందు కాచియుండగా, 1944 మార్చి 1వ తేదీన ఉత్తర ఇటలీ శ్రామికులు మరల సమ్మెకట్టిరి. జర్మన్ల ఏలుబడిలోనున్న ఐరోపాలో ఇంత పెద్ద సమ్మెలు బహు అరుదు.

ప్రతీకారము రాత్రివేళ వచ్చెను. నిద్రలోనున్నవారిని ఇండ్లనుండి, వంతుపని ముగించి వచ్చువారిని ద్వారములనుండి పట్టుకొని, మిలాన్‌లోని సాన్ విత్తోరే కారాగారమునకును, అచ్చటనుండి బేర్గమో సైనికశాలకును, పిదప సరకుల రైలుపెట్టెలలో ఆస్ట్రియాలోని మౌట్‌హౌజెన్ నిర్బంధశిబిరమునకును తరలించిరి. సెస్తో కర్మాగారములకు సంబంధించి ఈ విధముగా కొనిపోబడినవారు ఐదువందలకు పైబడిరి. వారిలో రెండువందలకు పైగా తిరిగి రాలేదు. రాతిగనిలో రాళ్ళు మోసి, భూగర్భపు ఆయుధశాలలలో సొరంగములు త్రవ్వి, ఆకలితోను చలితోను మరణించిన ఈ లోహకారులు సైనికులు కారు, నాయకులుగా పేరుపొందినవారును కారు. అత్యధికుల నేరము ఒక దినమున పని నిలుపుట మాత్రమే. స్వాతంత్ర్య సమరములను గూర్చి వ్రాయునపుడు మనము ఆయుధము పట్టినవారిని, ఉపన్యసించినవారిని తలచుకొందుము. చేతిలోని పనిముట్టును క్రింద పెట్టుటయే ఆయుధముగా చేసికొన్నవారిని అంతగా తలపము. ఈ త్యాగమునకు గాను సెస్తో పట్టణమునకు దేశప్రభుత్వము సైనికశౌర్య స్వర్ణపతక మొసగెను.

బ్రెదా కొలుములనుండి దశాబ్దములుగా పారబోసిన చిట్టెము గుట్టయై నిలిచెను. ఉత్తరోద్యానమను పేర మిలాన్, సెస్తో మొదలగు పట్టణములు కలిసి ఏర్పరచిన వనములో ఆ గుట్టకు పచ్చిక కప్పిరి. 1998లో దానిపై నిర్బంధశిబిరములకు కొనిపోబడిన శ్రామికుల స్మారకము వెలసెను. దానిని రూపొందించిన వాస్తుశిల్పి లొదొవీకో బెల్జొయోజో స్వయముగా మౌట్‌హౌజెన్, గూజెన్ శిబిరములలో బందీగా నుండి బ్రతికి వచ్చినవాడు. ఆయన వృత్తిభాగస్వామి బాన్ఫీ అక్కడనే మరణించెను. కొలిమి చిట్టెమే ఆ కొలిమిని మండించినవారి స్మారకమునకు పునాదియగుట కంటె తగిన ఏర్పాటు ఏ శిల్పశాస్త్రమును చెప్పజాలదు.

యుద్ధానంతరము పట్టణము త్వరగా పెరిగెను. వెనెతో ప్రాంతపు పేదరైతులు ముందును, పుల్యా, కలాబ్రియా, సిసిలీ ప్రజలు వెనుకను రైళ్ళలో వచ్చి దిగిరి. గదులు చాలక, మిలాన్ చుట్టునున్న పొలములలో రాత్రికి రాత్రి కట్టుకొన్న ఇండ్ల వాడలకు, అప్పుడు నడుచుచున్న యుద్ధమును బట్టి, కొరియాలని పేరు పడెను. ఆ వాడల జీవితమును 1960లో మిలానో, కొరేయా అను గ్రంథమున ప్రకటించినవారు ఫ్రాంకో అలాజియా, దనీలో మొంతాల్ది. వచ్చినవారి మాటలను వారి నోటనే చెప్పించిన ఆ గ్రంథమునకు ఇటలీ సామాజికశాస్త్ర చరిత్రలో స్థిరమైన స్థానము కలదు. ఈ అలాజియా సెస్తోవాడు, రాత్రిబడిలో చదువుకొన్నవాడు. ఆ రాత్రిబడిలో ఆయనకు చదువు చెప్పిన యువకుడు దనీలో దొల్చి. ఇతడే పిదప సిసిలీకి పోయి, బీదల కొరకు ఉపవాసదీక్షలు పూని, 1956లో పనిలేనివారిచేత పాడైన బాటను స్వచ్ఛందముగా బాగుచేయించినందుకు చెరసాలకు పోయి, సిసిలీ గాంధి యని లోకముచేత పిలువబడెను. గాంధీమహాత్ముని మార్గము ఐరోపాలో ఎచ్చట వేరూనెనని వెదకు మనవారు సెస్తోలోని ఆ రాత్రిబడిని కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

ఆ కాలపు సెస్తోకు ఇటలీ స్తాలిన్‌గ్రాద్ అను పేరు స్థిరపడెను. పురపాలకసంఘము వామపక్షముల చేతిలో నుండెను. కమ్యూనిస్టు పార్టీ శాఖలు, కార్మికసంఘములు, సహకార వస్తుశాలలు, క్రైస్తవ కార్మికసమాజములు, క్రీడాసంఘములు ప్రతి వీథిలోను పనిచేసెను. చర్చి కూడ ఊరకుండలేదు: 1955లో మిలాన్‌కు ఆర్చిబిషప్‌గా వచ్చిన మొంతీని, అనగా తరువాత ఆరవ పాల్ పోపు, నగరాంచలములలోని శ్రామికవాటికలపై ప్రత్యేకదృష్టి నిలిపి క్రొత్త దేవాలయములను కట్టించెను. ఒకే కుటుంబమున తండ్రి పార్టీసభకును తల్లి ప్రార్థనకును పోవుట సామాన్యము. 1969 శరత్కాలపు సమ్మెలలో సెస్తో లోహకారులు ముందు నడిచిరి; మరుసటి యేట చేయబడిన శ్రామికహక్కుల శాసనము ఆ సమ్మెల ఫలము. క్రీడలలో సైతము ఈ పట్టణము వెనుకబడలేదు: గేయాస్ అను సంఘపు మహిళా బాస్కెట్‌బాల్ జట్టు 1978లో ఐరోపా విజేతల కప్పును గెలుచుకొనెను. డెబ్బదుల దశకమున ఎర్ర బ్రిగేడులను సాయుధ తీవ్రవాదదళముల హింసాకాండ నీడ ఇచ్చటి యువకులపై కూడ పడినది. ఆ మార్గమును కార్మికసంఘములు బహిరంగముగా నిరాకరించినవని చెప్పి దానిని విడిచెదను.

కర్మాగారముల పతనము ఒక్క దినమున రాలేదు. 1973 తరువాత చమురు ధరలు పెరిగి విద్యుత్తు ప్రియమయ్యెను. ఐరోపా అంతట ఉక్కు అవసరమునకు మించి ఉత్పత్తియై, 1980లో ఐరోపా సమాజము స్పష్టసంకటస్థితిని ప్రకటించి ప్రతి దేశమునకు ఉత్పత్తిభాగములు నిర్ణయించెను. బ్రేషా ప్రాంతపు చిన్న కొలుములు తక్కువ ఖర్చుతో అదే సరకును చేయసాగెను. 1981లో ఎర్కొలె మారెల్లి దివాలాస్థితికి వచ్చి ప్రత్యేకపాలన క్రిందికి పోయెను. బ్రెదా ముక్కలు ముక్కలుగా అమ్మబడెను. ఫాల్క్ వారు సామర్థ్యమును మూసివేయుటకు ఐరోపా, ఇటలీ ప్రభుత్వములు ఇచ్చు పరిహారమును స్వీకరించి 1996లో సెస్తోలో ఉక్కుపనిని నిలిపివేసిరి. ఆ సంస్థ తరువాత పవన, సౌర విద్యుత్తు వ్యాపారమున ప్రవేశించెను. వయసు మీరినవారికి ముందస్తు పింఛను, తక్కినవారికి ప్రభుత్వపు వేతనభర్తీ నిధి కొంతకాలము ఆధారమైనవి. అదే స్థితిలో ఐరోపాలోని అనేక ఉక్కు పట్టణములు ఎడారులగుచుండగా సెస్తో నిలిచినదన్నచో, దానికి కారణము ప్రక్కన మిలాన్ ఉండుటయే. 1964లో మిలాన్ ప్రథమ మెట్రోరైలు సెస్తో సరిహద్దున మారెల్లి కర్మాగారపు పేరుగల స్టేషన్ వరకు వచ్చెను. 1986లో పట్టణపు నడిబొడ్డునకు పొడిగింపబడెను. తండ్రులు సైకిలుమీద కొలిమికి పోగా, బిడ్డలు మెట్రోలో మిలాన్ కార్యాలయములకు పోవుచున్నారు.

ఇక నేటి సమస్య నేలది. ఫాల్క్ వారు విడిచిన నేల దాదాపు నూటనలుబది హెక్టారులు. బహుశః ఐరోపాలో మహానగరపు ప్రక్కన ఒక్కచోట ఖాళీయైన పారిశ్రామిక భూములలో పెద్దవానిలో అదియొకటి. 2000 సంవత్సరపు శాసనమున, మాలిన్యమును జాతీయస్థాయిలో శుద్ధిచేయవలసిన స్థలముల పట్టికలో సెస్తో చేరెను. మట్టిలోని బరువులోహములను, చిట్టెమును త్రవ్వి తీయనిదే అచ్చట గృహము కట్టరాదు. భూమి చేతులు మారినది, మరల మారినది. 2005లో కొన్న సంస్థ జెనోవా వాస్తుశిల్పి రెంజో పియానో చేత ప్రణాళిక వేయించెను: నడుమ విశాలమైన ఉద్యానము, దాని నడుమ పాత కొలిమిశాలల ఇనుప అస్థిపంజరములు యథాతథముగ నిలుచుట, చుట్టును గృహములు. ప్రణాళిక మనోహరము. కాని ఆ కొన్న సంస్థ 2009 నాటికి ఋణసంకటమున పడెను. మరుసటి సంవత్సరము భూమి మరొకరి చేతికి, పిదప విదేశీ పెట్టుబడి చేతికి పోయెను. మిలాన్‌లోని జాతీయ క్యాన్సరు వైద్యసంస్థను, బెస్తా నాడీవైద్యసంస్థను ఈ నేలకు తరలించి ఆరోగ్యనగరము నిర్మింతుమను నిర్ణయము జరిగి ఒక దశాబ్దము దాటినది. విషమైన మట్టిమీద వైద్యాలయము లేచుట న్యాయమైన ప్రాయశ్చిత్తము; కాని ప్రజాధనముతో జరుగవలసిన పని భూవ్యాపారపు ఆటుపోటులపై ఆధారపడినంతకాలము ఆ పని మెల్లగానే సాగును.

పని ముగిసినచోట ముగిసినట్లే కనబడును. మారెల్లి స్థలములో మిలాన్ విశ్వవిద్యాలయపు భాషాసంస్కృతుల విభాగము నడుచుచున్నది. పదుల దేశముల విద్యార్థులు అచ్చట భాషలు నేర్చుచున్నారు. కంపారీ పాత భవనపు ముఖమును నిలుపుకొని, దాని ప్రక్కన స్విస్ వాస్తుశిల్పి మారియో బొత్తా చేత ప్రధానకార్యాలయమును కట్టించి, ఒక చిత్రశాలను తెరచెను. ఫొర్తునాతో దెపేరో 1932లో రూపొందించిన చిన్న సీసాను అచ్చట చూడవచ్చును. బ్రెదా తుక్కును మోసిన క్రేను దూలములు పురావస్తువులవలె రక్షింపబడి, వేసవిరాత్రులలో వాని క్రింద సంగీతసభలు జరుగుచున్నవి. ఇవియన్నియు మంచివే. వీనికంటె నేను విలువైనదిగా ఎంచునది మరొకటి కలదు: ఒకప్పటి ఉద్యానగృహమైన విల్లా మీలియుస్‌లో నున్న ఇసెక్ అను సమకాలీన చరిత్రాధ్యయన సంస్థ. బ్రెదా, మారెల్లి సంస్థల పత్రములును, శ్రామికసంఘముల పత్రములును, యజమాని లెక్కలును, కూలివాని అర్జీయును ఒకే కప్పుక్రింద అచ్చట పదిలపరచిరి. క్రేను దూలము చూపరులను ఆకర్షించును గాని తనకు తాను ఏమియు చెప్పదు. దాని క్రింద ఎవరు, ఎంత జీతమునకు, ఎన్ని గంటలు నిలిచిరో ఆ పత్రములే చెప్పును.

రాజకీయముగా ఒక యుగము ముగిసినది. యుద్ధము ముగిసినప్పటినుండి వామపక్షముల పాలనలోనున్న పురపాలకసంఘము 2017లో తొలిసారిగా మితవాదకూటమి చేతికి వచ్చెను. 2022లోను అదియే గెలిచెను. కర్మాగారము పోయిన తరువాత కర్మాగారము పుట్టించిన విధేయత ఎంతకాలము నిలుచునని తలచువారికి ఇది ఆశ్చర్యము కాదు. ఐగుప్తు, పెరూ, ఫిలిప్పీన్స్, రుమేనియా దేశములనుండి వచ్చినవారి సంఖ్య పెరిగినది. వారిలో ముస్లిములు తలపెట్టిన ప్రార్థనాలయము వివాదమై న్యాయస్థానములకు ఎక్కినది. పుల్యానుండి వచ్చినవానికి ఇల్లు అద్దెకీయమని పలకలు కట్టిన కాలమును ఈ ప్రాంతము చూచినది. ఆ వచ్చినవాని మనుమలు నేడు పాతకాపులు. ఐగుప్తువాడు వచ్చిన కారణము, కలాబ్రియావాడు వచ్చిన కారణము ఒక్కటే. తన చరిత్రను తాను చదువుకొనిన పట్టణము ఈ విషయమున తప్పుదారి పట్టదని నేను నమ్ముచున్నాను.

పైన అడిగిన ప్రశ్నలకు నా తీర్పు ఇది. శాఖానగరమునకు వ్యక్తిత్వము ఉండును; దానిని నిర్మించునవి కర్మాగారపు గోడలు గాక, ఆ గోడల నడుమ పరిచయమైన మనుష్యులు తమకై తాము కట్టుకొనిన సంఘములు, బడులు, అంగళ్ళు. గోడలు కూలిన పిదప కూడ ఆ సంఘములు నిలిచినంత మేరకు ఊరు ఊరుగా నిలుచును. ఫాల్క్ నేలపై లేవబోవు భవనములు ఎంత సుందరములైనను, ఆస్పత్రిలో ఊడ్చువాడును, రోగిని ఎత్తు పరిచారికయు అచ్చటనే అద్దె చెల్లించి కాపురముండలేని పక్షమున, అది సెస్తో కాబోదు. మిలాన్ నగరపు ఖరీదైన మరొక వాడ మాత్రమే అగును. ఇండ్లలో గణనీయమైన భాగము తక్కువ అద్దెకు ఉండవలెనని పురపాలకసంఘము ఒప్పందములలో వ్రాయించుకొని, ఆ వ్రాతకు కట్టుబడవలెను.

మిలాన్ విశ్వవిద్యాలయములలో చదువుటకై తెలుగునాటినుండి పోవు విద్యార్థులకు ఒక మాట. మహాదేవాలయపు చౌకమున మీరెక్కు ఎర్రగీత మెట్రో చివరి స్టేషనుకు ఇప్పుడు మే ఒకటి అని పేరు. సెలవుదినమున ఒకసారి అచ్చట దిగుడు. క్రేను దూలములను, విల్లా మీలియుస్‌ను, ఉత్తరోద్యానపు గుట్టమీది స్మారకమును చూచి, అచ్చటి వృద్ధులతో నాలుగు మాటలాడి, తెలిసికొన్నదానిని తెలుగున వ్రాసి పంపుడు. మన పత్రికలలో ఆ పట్టణమును గూర్చిన వ్రాతలు అత్యల్పము.